పాత కిట్ కారుకు ఇంట్లోనే కొత్త వైరింగ్ వేసుకోవడం ఎలా

మీ కిట్ కారులో, అంటే విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకున్న కారులో, ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక లైటు కూడా దానితో పాటే మిణుకుమంటోందా? హెడ్‌లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు ఉన్నట్టుండి జరుగుతోందా? సెల్ఫ్ కొడితే ఒక్కోసారి టక్కుమని ఊరుకుంటోందా? అలాగైతే ఒక్కో లోపాన్ని విడిగా వెతికి అతుకు వేసే పని పెట్టుకోకండి. వైరింగ్ మొత్తం తీసేసి కొత్తది వేయండి. సాయంత్రాలు, శని ఆదివారాలు కలుపుకుంటే ఒక చలికాలం పడుతుంది. ఓపిక ఉంటే చాలు, చేయలేని పని కాదు.

నేను చెప్పేది ఇంగ్లండులో వాడకంలో ఉన్న సెవెన్ తరహా కారు గురించి. గొట్టాలను వెల్డు చేసి కట్టిన స్టీలు ఛాసీ, పక్కలకు అల్యూమినియం రేకు, ముక్కుకూ మడ్‌గార్డులకూ ఫైబర్‌గ్లాసు, లోపల ఫోర్డ్ సియెర్రా నుంచి తీసిన 2.0 లీటర్ల పింటో ఇంజిను. ఈ జాతికి మూలం 1957లో లోటస్ కంపెనీ తెచ్చిన సెవెన్ అనే చిన్న స్పోర్ట్స్ కారు. పూర్తిగా తయారైన కారు మీద ఆ రోజుల్లో కొనుగోలు పన్ను ఉండేది, విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే ఉండేది కాదు. అందుకే కిట్లు అంతగా అమ్ముడుపోయాయి. 1973లో వ్యాట్ వచ్చాక ఆ లాభం పోయింది. అదే ఏడాది సెవెన్ హక్కులు కేటరామ్ కంపెనీకి వెళ్లాయి. ఇంట్లో కట్టుకునే అలవాటు మాత్రం ఇక్కడ పోలేదు.

ఈ చరిత్రకూ మీ వైరింగ్‌కూ సంబంధం ఉంది. ఒక్కో కారునూ ఒక్కో మనిషి తన గ్యారేజీలో, తనకు తోచినట్టు కట్టుకున్నాడు. వర్క్‌షాపు మాన్యువల్లో వెతికితే మీ కారు డయాగ్రం ఉండదు. మొదట కట్టినవారు గీసి ఉంచకపోతే అది ఎక్కడా లేనట్టే.

హైదరాబాద్‌లో, విశాఖలో ఉండి చదువుతున్నవారికి ఒక మాట. తయారీ కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అడ్డుకుంటుంది, కాబట్టి అక్కడ దారి వేరు. కానీ పాత జీపుకో అంబాసిడర్‌కో ఉన్న వైరింగ్‌నే ఉన్నట్టుగా కొత్తగా వేసుకోవాలంటే ఇక్కడ చెప్పే పద్ధతంతా పనికొస్తుంది.

విప్పే ముందు

బ్యాటరీ నెగటివ్ ముందు విప్పండి, పాజిటివ్ తర్వాత. బిగించేటప్పుడు నెగటివ్ చివర. ట్యాంకులో పెట్రోలు ఖాళీ చేసి గ్యారేజీ బయట మూతపడే డబ్బాలో పెట్టండి. కారును యాక్సిల్ స్టాండ్ల మీద నిలబెట్టండి. ఉత్త జాకీ మీద ఉన్న కారు కిందికి దూరకండి.

ప్రతి కనెక్షన్‌నూ విప్పే ముందు ఫోటో తీయండి. ఫోటో ఒక్కటే చాలదు, మూడు నెలల తర్వాత చూస్తే ఏ వైరు ఏదో తెలియదు. మాస్కింగ్ టేపు మీద నంబరు రాసి వైరుకు చుట్టండి, అదే నంబరుకు ఎదురుగా పుస్తకంలో "ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ రంగు" అని రాసుకోండి. పాత వైరింగ్‌ను ముక్కలుగా కోయకండి. ఒకే కట్టగా బయటికి తీసి గోడకు వేలాడదీయండి. పొడవులు కొలవడానికి, మరిచిపోయిన స్విచ్చును గుర్తు చేసుకోవడానికి అది చివరిదాకా అవసరపడుతుంది.

ఇక్కడే రంగుల దగ్గర ఒక పెద్ద ప్రమాదం ఉంది. సియెర్రా కారులో గోధుమరంగు వైరు అంటే ఎర్త్, కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి. బ్రిటిష్ విద్యుత్ పరికరాల కంపెనీ లూకాస్ పద్ధతిలో అదే గోధుమరంగు వైరు బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా నేరుగా వచ్చే ప్రధాన వైరు. మీ కారులో డ్యాష్‌బోర్డు దగ్గర లూకాస్ రంగుల వైరింగూ, ఇంజిను దగ్గరా స్టీరింగ్ స్విచ్చుల దగ్గరా సియెర్రా వైరింగూ కలిసి ఉండవచ్చు. గోధుమరంగును గోధుమరంగుకు కలిపితే మంట లేస్తుంది. కాబట్టి రంగును నమ్మకండి, ప్రతి వైరునూ మీటరుతో చూసి తేల్చుకోండి. సియెర్రా కనెక్టర్ల మీద ఉండే అంకెలు రంగుల కన్నా నమ్మకమైనవి: 30 అంటే బ్యాటరీ, 15 తాళం తిప్పితే వచ్చే కరెంటు, 31 ఎర్త్, 50 సెల్ఫ్, 56ఎ హై బీమ్, 56బి డిమ్.

ఛాసీ పని

వైరింగ్ తీశాక ఛాసీ బయటపడుతుంది. బ్యాటరీ అర కింద, నీళ్లు నిలిచే అడుగు గొట్టాల దగ్గర సుత్తితో మెల్లగా తట్టి చూడండి. ఖంగుమనాలి. మొద్దుగా మోగితే లోపల తుప్పు తినేసిందని అర్థం. వెల్డింగ్ ఏదున్నా ఇప్పుడే చేయించండి, పౌడర్ కోటింగ్ ఆ తర్వాత.

తిరిగి బిగించే వరసలో చాలామంది తొందరపడి ఇంజిను ముందు పెట్టేస్తారు. అలా చేస్తే గేర్‌బాక్సు సొరంగంలో చేయి దూరదు. ముందు సస్పెన్షన్, స్టీరింగ్. తర్వాత బ్రేకు గొట్టాలు. రాగి నికెల్ మిశ్రమం గొట్టం వాడండి, తుప్పు పట్టదు. తర్వాత పెట్రోలు గొట్టం. దాని పక్కనే వైర్ల కట్ట వేయకండి, సొరంగంలో ఒకటి ఒక గోడకు, రెండోది ఇంకో గోడకు పోవాలి. ఆ తర్వాత వైరింగ్, ఆపైన ఇంజిను గేర్‌బాక్సు కలిపి ఒకేసారి. బాడీ అన్నిటికన్నా చివర. ఒకసారి విప్పిన నైలాక్ నట్టును (లోపల నైలాన్ రింగు ఉండేది) మళ్లీ వాడకండి.

ఇంజిను బయట ఉండగానే పింటో వాల్వు కవరు తీసి క్యామ్‌షాఫ్టు మీద నూనె చల్లే సన్నని గొట్టాన్ని చూడండి. దాని రంధ్రాలు పూడుకుపోతే క్యామ్ అరిగిపోతుంది. ఈ ఇంజినుకు ఉన్న పాత జబ్బు ఇది.

లెక్క: ఏ వైరు ఎంత లావు

ఒక కాగితం మీద కారులో కరెంటు తినే ప్రతి వస్తువునూ రాయండి. వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 60/55 వాట్ల హెచ్4 హెడ్‌లైటు డిమ్‌లో ఒక్కొక్కటి 4.6 ఆంపియర్లు, హై బీమ్‌లో 5. హజార్డ్ వేస్తే 21 వాట్ల బల్బులు నాలుగు, అంటే 7 ఆంపియర్లు. రేడియేటర్ ఫ్యాను ఎంత లాగుతుందో దాని మీదే రాసి ఉంటే సరే, లేకపోతే మీటరుతో కొలవండి. మొదలయ్యే క్షణంలో అంతకన్నా ఎక్కువ లాగుతుందని గుర్తుంచుకోండి.

వైరు కొనేటప్పుడు పలుచని తొడుగు ఉండే రకం, ఇక్కడ థిన్‌వాల్ అంటారు, అది అడగండి. సన్నగా ఉంటుంది, వేడికి తట్టుకుంటుంది. 1 చదరపు మి.మీ. వైరు 16.5 ఆంపియర్లు మోస్తుంది, 2 అయితే 25, 3 అయితే 33, 6 అయితే 50. లైట్లకు 1 చాలు. ఫ్యానుకు 2 వేయండి. ఫ్యూజు బాక్సుకు వచ్చే ప్రధాన వైరు 6, దానికి బ్యాటరీ దగ్గరే ఒక పెద్ద ఫ్యూజు. బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటారుకు 25 చదరపు మి.మీ. లావు కేబుల్. దానికి ఫ్యూజు ఉండదు, అందుకే పొట్టిగా, దేనికీ రాసుకోకుండా పోవాలి.

ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. వైరు మోయగలిగే దానికన్నా తక్కువకు, వస్తువు లాగే దానికన్నా కొంచెం ఎక్కువకు ఫ్యూజు పెట్టాలి. హెడ్‌లైట్లకు ఎడమకు ఒకటి, కుడికి ఒకటి వేరువేరుగా 7.5 ఆంపియర్ల గోధుమరంగు ఫ్యూజులు పెట్టండి. రాత్రిపూట పల్లె రోడ్డు మీద ఒక ఫ్యూజు పోయినా రెండో దీపం వెలుగుతూ ఉంటుంది. ఫ్యానుకు 20, పసుపురంగు.

హెడ్‌లైట్లకూ ఫ్యానుకూ రిలేలు వాడండి. రిలే అంటే కొద్దిపాటి కరెంటుతో పెద్ద కరెంటును వేసే స్విచ్చు, దాని కాళ్ల మీద అంకెలుంటాయి. 30కి ఫ్యూజు నుంచి వచ్చే వైరు, 87 నుంచి దీపానికి, 86కి స్విచ్చు నుంచి వచ్చే సన్న వైరు, 85కి ఎర్త్. సియెర్రా స్టీరింగ్ స్విచ్చులు పాతబడి ఉంటాయి. రిలే ఉంటే వాటి మీద భారం పడదు.

పురికొసతో కొలత

డయాగ్రం ఇప్పుడు గీయండి. మార్కెట్లో ఇంకా దొరికే లూకాస్ రంగుల ప్రకారం గీస్తే ముందుముందు ఎవరికైనా అర్థమవుతుంది. గోధుమ: బ్యాటరీ నుంచి నేరుగా. ఊదా: ఎప్పుడూ ఉండేది, ఫ్యూజు ద్వారా. తెలుపు: తాళం తిప్పితే వచ్చేది. ఆకుపచ్చ: అదే, ఫ్యూజు ద్వారా. నీలం హెడ్‌లైట్లకు, ఎరుపు గీత ఉంటే డిమ్, తెలుపు గీత ఉంటే హై బీమ్. ఎరుపు సైడ్ లైట్లకు. ఆకుపచ్చ మీద ఎరుపు గీత ఎడమ ఇండికేటర్, తెలుపు గీత కుడిది, ఊదా గీత బ్రేక్ లైటు. నలుపు ఎర్త్. అంతకుమించి దేనికీ నలుపు వాడకండి.

పొడవులకు టేపు కన్నా పురికొస నయం. వైరు పోవాల్సిన దారిలో ఛాసీ వెంట పురికొస పరచండి, మలుపులతో సహా. ఎక్కడ కొమ్మ చీలాలో అక్కడ ముడి వేయండి. ఆ పురికొసను తీసి ప్లైవుడ్ పలక మీద పరిచి, ముడుల దగ్గర మేకులు కొట్టండి. వైర్లను ఒక్కొక్కటిగా ఆ మేకుల చుట్టూ పేర్చుకుంటూ వెళ్లండి. డ్యాష్‌బోర్డు వైపు జానెడు ఎక్కువ వదలండి. ప్యానెల్ ముందుకు లాగి వెనక చేయి పెట్టగలిగేంత వదులు లేకపోతే తర్వాత మీరే బాధపడతారు. వెనక్కి వెళ్లే కట్టలో రెండు అదనపు వైర్లు వేసి చివరలు మూసిపెట్టండి.

కట్టను జిగురు లేని పీవీసీ టేపుతో చుట్టండి. జిగురు టేపు వేడికి కారి చేతికి అంటుకుంటుంది. ఇంజిను దగ్గర ముడతల గొట్టం తొడగండి. రేకులో రంధ్రం గుండా పోయే ప్రతిచోటా అంచు వైరును కోయకుండా రబ్బరు గ్రోమెట్. పీ ఆకారపు క్లిప్పులతో 300 మి.మీ. కన్నా ఎడం లేకుండా బిగించండి. కొత్తగా కట్టిన కారును రోడ్డెక్కనిచ్చే ముందు ఇక్కడ చేసే ఐవీఏ పరీక్షలో ఇది అడుగుతారు.

టెర్మినళ్లను వైరు చివరకు నొక్కి బిగించడానికి (క్రింప్ చేయడానికి) రాట్చెట్ ఉన్న క్రింపింగ్ ప్లయరు కొనండి. ఈ పనిలో డబ్బు పెట్టాల్సిన చోటు ఏదైనా ఉంటే అదే. మామూలు ప్లయరుతో నొక్కితే పైకి బాగానే కనిపిస్తుంది, కదిలే కారులో ఆరు నెలలకు లూజవుతుంది. సోల్డర్ పెడితే గట్టిగా ఉంటుందనుకుంటారు. కానీ సోల్డర్ పీల్చుకున్న వైరు కడ్డీలా బిగుసుకుపోయి, అది ఆగిన చోట ఊపుకు విరుగుతుంది. క్రింప్ చేశాక ప్రతిదాన్నీ చేత్తో గట్టిగా లాగి చూడండి. ఊడితే ఇప్పుడే ఊడనివ్వండి.

ఎర్త్

మా మేనమామ విజయవాడ ఆటోనగర్‌లో లారీల వైరింగ్ చేసేవారు. ఏ బండి వచ్చినా, ఏ జబ్బు చెప్పినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే: "ఎర్త్ చూశావా?" చిన్నప్పుడు నాకది అలవాటుగా అనే మాటలా అనిపించేది. ఈ కారు చేతికొచ్చాక ఆయన ఎందుకు అడిగేవారో అర్థమైంది.

మామూలు కారులో బాడీ అంతా ఇనుము. బల్బు హోల్డరును ఎక్కడ బిగించినా కరెంటు బాడీ గుండా తిరిగి బ్యాటరీకి చేరుతుంది. మీ కారులో ఇండికేటర్లూ వెనక లైట్లూ ఫైబర్‌గ్లాసు మీద ఉన్నాయి. దాని గుండా కరెంటు పోదు. ఛాసీ ఇనుమే అయినా దాని మీద పౌడర్ కోటింగ్ ఉంది, అదీ కరెంటును ఆపేస్తుంది. కాబట్టి కరెంటు తిరిగి వచ్చే దారిని, వెళ్లే దారంత శ్రద్ధగా మీరే వేయాలి. ప్రతి దీపానికీ సొంతంగా ఒక నల్ల వైరు.

లేకపోతే ఏమవుతుందో చూడండి. వెనక దీపంలో 21 వాట్ల బ్రేకు బల్బు, 5 వాట్ల టెయిల్ బల్బు ఒకే ఎర్త్ పంచుకుంటాయి. ఆ ఎర్త్ ఊడిందనుకోండి. బ్రేకు నొక్కితే కరెంటు బ్రేకు తీగ గుండా వచ్చి, పోవడానికి దారి లేక, టెయిల్ తీగలోకి ఎదురెక్కి, ఎరుపు వైరు పట్టుకుని అవతలి దీపానికి వెళ్లి అక్కడ ఎర్త్ వెతుక్కుంటుంది. బ్రేకు నొక్కితే వేరే దీపాలు మసకగా వెలగడం, ఇండికేటర్‌తో పాటు టెయిల్ లైటు కొట్టుకోవడం, అన్నిటికీ ఇదే కారణం. బల్బులూ స్విచ్చులూ మార్చినా ఇది పోదు.

ముందు ఒకటి, డ్యాష్‌బోర్డు వెనక ఒకటి, వెనక ఒకటి: మూడు ఎర్త్ స్టడ్లు, అంటే నల్ల వైర్లు బిగించే బోల్టులు, ఛాసీకి పెట్టండి. ప్రతి స్టడ్డు దగ్గర కోటింగ్‌ను మెరిసే ఇనుము కనిపించేదాకా గీకండి. పళ్ల వాషరు వేసి బిగించి, ఆపైన వాజలైన్ పూయండి. గీకిన చోట వదిలేస్తే తుప్పు పడుతుంది. మూడింటినీ 6 చదరపు మి.మీ. నల్ల వైరుతో కలిపి బ్యాటరీ నెగటివ్‌కు తీసుకెళ్లండి. అప్పుడు ఛాసీ ఒక్కదాని మీదే ఆధారపడనక్కర్లేదు.

ఇంజినుకు వేరుగా లావు ఎర్త్ పట్టీ తప్పనిసరి. ఇంజిను రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది, ఛాసీకి దానంతట అది అంటుకోదు. నేను కొన్నప్పుడు నా కారుకు ఆ పట్టీ లేదు. సెల్ఫ్ నీరసంగా తిరిగేది, కొన్ని వారాలకు క్లచ్ బిగుసుకుపోయింది. కేబుల్ తీసి చూస్తే లోపలి ప్లాస్టిక్ కరిగి తీగకు అతుక్కుపోయి ఉంది. సెల్ఫ్ మోటారు కరెంటంతా ఛాసీకి చేరడానికి ఆ క్లచ్ కేబులే దారి అయింది. పెట్రోలు గొట్టం దానికి రెండంగుళాల దూరంలో ఉంది. అది తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. మీరు ఇంకేం చేసినా చేయకపోయినా ఈ రోజే బోనెట్ ఎత్తి ఆ పట్టీ ఉందో లేదో చూడండి.

ఎర్త్ పరీక్షకు మీటరు బీప్ శబ్దాన్ని నమ్మకండి. ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది, 5 ఆంపియర్లు మాత్రం పోవు. దీపం వెలుగుతుండగా చూడాలి. మీటరు డీసీ ఓల్టుల మీద పెట్టి, ఒక కొన దీపం ఎర్త్ టెర్మినల్‌కు, ఇంకొకటి బ్యాటరీ నెగటివ్‌కు ఆనించండి. 0.1 ఓల్టు దాటకుంటే మంచిది. 0.2 దాటితే ఆ దారిలో ఎక్కడో లోపం ఉంది.

మిగతా చిన్న విషయాలు

డ్యాష్‌బోర్డులో ఛార్జింగ్ దీపం ఉత్త సూచిక కాదు. దాని గుండా పోయే కొద్దిపాటి కరెంటే ఆల్టర్నేటర్‌ను లేపుతుంది. అక్కడ 2.2 వాట్ల మామూలు బల్బు ఉంచండి. ఎల్‌ఈడీ పెడితే ఛార్జింగ్ మొదలు కాకపోవచ్చు.

హజార్డ్ లైట్లు తాళం తీసేసినా పనిచేయాలి, అందుకే వాటికి ఊదా వైరు. ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టాలి. 1980 ఏప్రిల్ 1 తర్వాత వాడకంలోకి వచ్చిన కారుకు వెనక ఫాగ్ లైటు కనీసం ఒకటి ఉండాలి, నడుమనో డ్రైవరు వైపో. పెట్రోలు పంపు ఎలక్ట్రిక్ అయితే ఢీకొన్నప్పుడు ఆగిపోయేలా ఇనర్షియా స్విచ్చు గుండా ఇవ్వండి.

మొదటిసారి కరెంటు ఇవ్వడం

బ్యాటరీని నేరుగా కలపకండి. ఫ్యూజులన్నీ తీసేయండి, స్విచ్చులన్నీ ఆపండి. బ్యాటరీ నెగటివ్‌కూ ఎర్త్ కేబుల్‌కూ మధ్య 21 వాట్ల బల్బు ఒకటి కలపండి. బల్బు వెలగకపోతే మంచిది. బాగా వెలిగితే ఎక్కడో షార్ట్ ఉంది, కానీ బల్బు ఉంది కాబట్టి 2 ఆంపియర్లకు మించి పోదు, ఏమీ కాలదు. ఇప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటిగా పెట్టండి. ఏ ఫ్యూజు పెట్టినప్పుడు బల్బు వెలిగిందో ఆ దారిలోనే వెతకండి. అన్నీ సరిపోయాకే బల్బు తీసి కేబుల్ నేరుగా కలపండి.

ఇంజినుకు స్పార్క్ ప్లగ్గులు తీసి, ఇగ్నిషన్ కాయిల్ వైరు విప్పి, ఆయిల్ దీపం ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. పది సెకన్లు కొట్టి కాసేపు ఆగండి, మోటారు వేడెక్కుతుంది. తర్వాత ప్లగ్గులు పెట్టి, 1-3-4-2 వరసలో వైర్లు కలిపి స్టార్ట్ చేయండి. మంటలార్పే సిలిండరు చేతికందేలా ఉండాలి, పక్కన ఇంకో మనిషి ఉండాలి. ఇంజిను తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 ఓల్టులు ఉంటే ఛార్జింగ్ సరిగా ఉన్నట్టు. ఫ్యానూ హెడ్‌లైట్లూ కలిపి వేసి మళ్లీ చూడండి. వేసిన పది నిమిషాలకు ప్రతి కనెక్టరునూ వేలితో తాకండి. వెచ్చగా ఉన్నది మళ్లీ క్రింప్ చేయాల్సిందే.

ఇప్పటికే రిజిస్టరైన కారు, ఛాసీ అదే అయితే మళ్లీ ఐవీఏ అక్కర్లేదు, ఏటా చేసే ఎంఓటీ పరీక్ష సరిపోతుంది. ఛాసీ మారిస్తే పని మొదలుపెట్టక ముందే వాహనాల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్‌ఏకి రాసి అడగండి.

మొదటి 100 మైళ్లు తిరిగాక ఎర్త్ స్టడ్లు, సెల్ఫ్ మోటారు నట్టు, బ్యాటరీ క్లాంపులు మళ్లీ బిగించండి. మొదట గీసిన డయాగ్రంలో పని మధ్యలో మార్చినవి కచ్చితంగా ఉంటాయి. వాటిని దిద్ది, శుభ్రంగా తిరిగి గీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి ఒకటి ఫ్యూజు బాక్సు పక్కన ఉంచండి, ఇంకొకటి కారు కాగితాలతో కలిపి దాచండి.